ఏదుముల్లుతో గీసిన కశ్మీరం

ఏదుపంది ముల్లుకు మన ఇళ్లలో ఒకప్పుడు ఒక పని ఉండేది. సీమంతం నాడు గర్భిణికి పాపిట దానితో తీయాలని గృహ్యసూత్రాలు చెబుతాయి. లండన్‌లో ఉండే చిత్రకారుడు రాకిబ్ షా చేతిలో అదే ముల్లు కుంచె అయింది. పలక మీద ఎనామిల్ పెయింట్ చుక్క పడుతుంది. అది ఆరేలోగా ముల్లు కొనతో లాగి, తిప్పి, పక్క రంగులోకి కలిపి ఒక చినార్ ఆకును తేల్చాలి. గోరంత కూడా ఉండని ఆ ఆకులో ఎరుపు ఉంటుంది, నారింజ ఉంటుంది, ఎండిపోతున్న అంచు దగ్గర గోధుమ రంగు ఉంటుంది. చెట్టు నిండా అలాంటి ఆకులే. చెట్టు వెనక సరస్సు, సరస్సు వెనక మంచుకొండలు. ఒక్కో చిత్రానికి ఏళ్లు పడుతున్నాయంటే ఆశ్చర్యం లేదు.

దూరం నుంచి చూస్తే అదొక స్వర్గం. విరగబూసిన చెర్రీ కొమ్మలు, పాలరాతి స్తంభాలు, ఎక్కడా చూడని నీలిరంగు ఆకాశం. నాలుగడుగులు ముందుకు వేస్తే స్తంభాలు విరిగి పడుతుంటాయి. మనిషి ఒంటి మీద జంతువు తల మొలిచి ఉంటుంది. రెక్కలున్నవి, కోరలున్నవి, కిరీటాలు పెట్టుకున్నవి ఒకదాన్నొకటి చీల్చుకుంటుంటాయి. నెత్తుటి చుక్క కూడా కెంపులాగే మెరుస్తుంటుంది. ఇంత అందంగా ఉన్నచోట ఇంత హింస ఎందుకున్నదని చూసేవాళ్లు ఆగిపోతారు. ఆయన చిత్రాల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. జవాబు కోసం శ్రీనగర్ వెళ్లాలి.

రాకిబ్ షా 1974లో కలకత్తాలో పుట్టారు, కశ్మీర్‌లో పెరిగారు. వాళ్లది వ్యాపార కుటుంబం. శాలువాలు, తివాచీలు, నగలు, పురాతన వస్తువులు చేతులు మారే ఇల్లు. ఏ రంగు పక్కన ఏ రంగు నిలబడుతుందో, ఏ అల్లిక అసలుదో ఏది నకిలీదో చిన్నప్పటి నుంచీ చేత్తో తడిమి నేర్చుకునే వాతావరణం అది. చలికాలంలో మన ఊళ్లకు శాలువాల మూటలతో వచ్చే కశ్మీరీలను చూసినవాళ్లకు ఆ సరుకు కొంత తెలుసు. అది తయారయ్యే తీరు మాత్రం మనకు అంతగా తెలియదు. ‘కానీ’ అనే రకం శాలువా నేయడానికి ఒక్కో రంగు నూలుకు ఒక్కో సన్నని కొయ్య పుల్ల చుట్టుకుంటారు. డజన్ల కొద్దీ పుల్లలు మగ్గం మీద వేలాడుతుంటాయి. ఏ రంగు ఎన్ని పోగుల మేర నడవాలో ‘తాలీం’ అనే సంకేత లిపిలో రాసి ఉంటుంది. తివాచీ నేతలోనూ ఆ తాలీమే ఆధారం. దాన్ని చదువుకుంటూ వరుస తర్వాత వరుస నేసుకుపోతారు. గొప్ప శాలువా ఒకటి మగ్గం దిగడానికి ఏడాది దాటిపోవచ్చు.

ఓర్పుతో, లెక్కతో, కంటిచూపు అరిగిపోయేదాకా చేసే ఈ పనిని ప్రపంచం ‘హస్తకళ’ అని ఒక పక్కన పెట్టి, కాన్వాసు మీద గీసినదాన్ని ‘కళ’ అని ఇంకో పక్కన పెట్టింది. రాకిబ్ షా పాతికేళ్లకు పైగా చేస్తున్నది ఆ అడ్డుగోడను కూల్చే పని.

1989లో కశ్మీర్ లోయలో సాయుధ తిరుగుబాటు మొదలైంది. రాకిబ్‌కు అప్పటికి పదిహేనేళ్లు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కుటుంబం ఢిల్లీకి తరలివచ్చింది. అక్కడ కుర్రవాడు కుటుంబ వ్యాపారంలోనే పనిచేశాడు. దుకాణాల అలంకరణ, బట్టలు, నగలు, తివాచీలు, అన్నీ చూసుకున్నాడు. 1993లో తొలిసారి లండన్ వెళ్లినప్పుడు నేషనల్ గ్యాలరీలో హాన్స్ హోల్బైన్ 1533లో వేసిన ‘ది అంబాసిడర్స్’ ముందు నిలబడ్డాడు. ఇద్దరు దొరలు, వాళ్ల మధ్య రెండంతస్తుల బల్ల. పై అంతస్తు మీద తూర్పుదేశపు తివాచీ, దాని మీద ఖగోళ గోళం, కొలత పరికరాలు. కింద తీగ తెగిన వీణలాంటి వాయిద్యం. కాళ్ల దగ్గర సాగదీసినట్టున్న వింత ఆకారం ఒకటి అడ్డంగా పడి ఉంటుంది. ఎదురుగా చూస్తే అదేమిటో తెలియదు. పక్కకు వెళ్లి వాలుగా చూస్తే పుర్రె.

తివాచీల వ్యాపారి కొడుకు కన్ను ముందుగా ఆ బల్ల మీది తివాచీ మీద పడి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. ఖరీదైన వస్తువులన్నిటినీ కొలిచి, లాలనగా గీసి, వాటి కాళ్ల దగ్గరే చావును పెట్టిన చిత్రం అది. చిత్రకారుడు కావాలన్న నిర్ణయం ఆ బొమ్మ ముందే జరిగిందని రాకిబ్ షా చాలాసార్లు చెప్పుకున్నారు. 1998లో లండన్ చేరి సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాలలో డిగ్రీ, ఆ వెంటనే పీజీ చేశారు.

ఇక పద్ధతి. దీన్ని కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఆయన కళలో సగం అక్కడే ఉంది.

విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయన చూపు తైలవర్ణాల మీంచి మళ్లి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే పెయింట్ల మీద పడింది. తలుపులకు, గేట్లకు వేసే ఎనామిల్, కార్లకు కొట్టే మెటాలిక్ పెయింట్. ఇవి కుంచెకు లొంగవు. పోస్తే పరుచుకుంటాయి, ఎక్కడ ఆగాలో వాటికి తెలియదు. అందుకని ముందు కాగితం మీద మొత్తం డ్రాయింగ్ పూర్తిచేస్తారు. దాన్ని బర్చ్ చెక్క పలక మీదికో, ఇటీవలి చిత్రాల్లోనైతే అల్యూమినియం పలక మీదికో ఎక్కిస్తారు. తర్వాత ప్రతి గీత వెంటా ఉబ్బెత్తుగా నిలిచే లైనర్‌ను ట్యూబు నుంచి పిండుకుంటూ పోతారు. అద్దాల మీద రంగుల బొమ్మలు వేసేవాళ్లు సరిహద్దులు కట్టడానికి వాడే సరుకు అది. ఆరిన గీత బంగారు రంగులో, పలక మీద సన్నని గోడలా లేచి ఉంటుంది. మడి చుట్టూ గట్టు పోసి నీళ్లు పెట్టినట్టు, ఆ గోడల మధ్య గళ్లలో సన్నని గొట్టాలతో రంగు నింపుతారు. రంగు తడిగా ఉండగానే ఏదుముల్లు దిగుతుంది. ఒక చేప ఒంటి మీద పొలుసు, ఒక ఈకలో వంపు, ఒక రేకు మీద నీడ ఆ కొనతోనే పుడతాయి. తొలినాటి చిత్రాల్లోనైతే ఆ పైన గ్లిట్టరు, రాళ్లు కూడా అద్దేవారు.

లోహపు గట్ల మధ్య ఎనామిల్ నింపే పని ఆసియాలో పాతదే. మన మీనాకారీ నగల పనివాళ్లు చేసేదీ ఆ జాతి పనే. దాన్ని అడుగుల పొడవున్న పలకల మీదికి, వేలాది గళ్లలోకి పెంచి, దానితో ఆకాశాలనూ కొండలనూ వేయవచ్చని చూపడమే రాకిబ్ షా సాధించినది.

2004లో లండన్ విక్టోరియా మీరో గ్యాలరీలో తొలి సొంత ప్రదర్శన. పేరు ‘గార్డెన్ ఆఫ్ ఎర్త్‌లీ డిలైట్స్’. దాదాపు అయిదు వందల ఏళ్ల కిందట నెదర్లాండ్స్ చిత్రకారుడు హీరోనిమస్ బోష్ వేసిన మూడు పలకల చిత్రం పేరే అది. ఆ పాత చిత్రం ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. బోష్ తోటలో నగ్న మనుషులు, రాక్షస పండ్లు, పక్కనే నరకం ఉంటాయి. రాకిబ్ తోటను సముద్రం అడుగుకు దింపారు. పగడాలు, జెల్లీఫిష్‌లు, రొయ్య తల ఉన్న మనుషులు, విచ్చలవిడి శృంగారం. 2006లో లండన్‌లోని టేట్ బ్రిటన్ ఆయనకు గది ఇచ్చింది. 2007 అక్టోబర్‌లో ‘గార్డెన్ ఆఫ్ ఎర్త్‌లీ డిలైట్స్ III’ లండన్ సోదబీస్ వేలంలో 27 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. అప్పటికి ఆయన వయసు 33.

వేలం ధర ఆయనకు పేరుతోపాటు ఒక చిక్కునూ తెచ్చింది. రాళ్లు అద్దిన బొమ్మలు, కోట్ల ధర, ధనవంతుల గోడలు. అలంకారమే తప్ప అందులో ఏముందని పెదవి విరిచిన విమర్శకులు ఉన్నారు. ఆ తొలి చిత్రాల వరకు వాళ్ల మాటలో కొంత న్యాయం లేకపోలేదు. నైపుణ్యం అబ్బురపరుస్తుంది. కానీ కంటికి ఊపిరి తీసుకునే చోటు లేదు. ప్రతి అంగుళమూ అరుస్తుంటే ఏ అంగుళమూ వినబడదు. రాకిబ్ షాను గొప్ప చిత్రకారుడని అనాల్సి వస్తే అది ఆ తోటల వల్ల కాదు. తర్వాత ఆయన సముద్రం అడుగు నుంచి పైకి వచ్చి నేలను వేయడం మొదలుపెట్టినందువల్ల.

ఆ మలుపు పెకమ్‌లో జరిగింది. దక్షిణ లండన్‌లోని ఆ పేటలో ఒకప్పటి సాసేజ్ ఫ్యాక్టరీని ఆయన ఇల్లుగా, స్టూడియోగా, తోటగా మార్చుకున్నారు. బోన్సాయ్‌లు, పూలకుండీలు, పెంపుడు కుక్కలు, మెట్లు, పలకల మధ్య నిలబడ్డ తాను, అన్నీ చిత్రాల్లోకి వచ్చాయి. పాత యూరప్ చిత్రకారుల కూర్పును తీసుకుని అందులో తన జీవితాన్ని పెట్టడం అలవాటైంది. ఆంటొనెల్లో ద మెస్సీనా వేసిన సెయింట్ జెరోమ్ చదువుల గదిలో సన్యాసి స్థానంలో రాకిబ్ కూర్చున్నారు. విన్చెంజో కటేనా వేసిన మరో జెరోమ్ చిత్రాన్ని తిరగరాసి, దానికి పెట్టిన పేరులోనే ‘కశ్మీర్’ను చేర్చారు. 2018లో ఎడిన్‌బరోలోని స్కాటిష్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన చిత్రాలను లూకాస్ క్రానాక్ 1528లో వేసిన ‘మెలాంకొలీ’ చిత్రం సరసన వేలాడదీసింది.

ఈ వరుసలో మనకు దగ్గరి కథ ఒకటి ఉంది. 1760లలో మద్రాసు గవర్నర్‌గా ఉన్న జార్జ్ పిగోట్ ఇక్కడి నుంచి ఒక చీతాను (వేట చిరుతను), దాన్ని చూసుకునే భారతీయులతో సహా, ఇంగ్లండు రాజు మూడో జార్జికి కానుకగా పట్టుకెళ్లాడు. విండ్సర్ తోటలో దుప్పి మీదికి దాన్ని ఉసిగొల్పారు. వేట సాగలేదు, దుప్పే చిరుతను కుమ్మి తరిమింది. జార్జ్ స్టబ్స్ ఆ చిరుతనూ, దుప్పినీ, తెల్లని బట్టలు కట్టిన ఇద్దరు భారతీయులనూ పెద్ద చిత్రంగా వేశాడు. అది మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. 2013లో రాకిబ్ షా ఆ చిత్రాన్ని తిరిగి కల్పించి అదే గ్యాలరీలో చూపారు. దేశం కాని దేశంలో, రాజుగారి వినోదం కోసం నిలబడ్డ ఆ ఇద్దరు మనుషుల పక్కన ఇప్పుడు ఇంకో వలసవచ్చినవాడు నిలబడినట్టయింది.

2019లో న్యూయార్క్ పేస్ గ్యాలరీలో జరిగిన ప్రదర్శన పేరు సూటిగా ‘ల్యాండ్‌స్కేప్స్ ఆఫ్ కశ్మీర్’. అందులో నాలుగు రుతువుల వరుస ఉంది. వసంతం, వేసవి, శరత్తు, శీతాకాలం. ఒక్కో రుతువుకు ఒక్కో చెట్టు, ఆ చెట్టును పట్టుకుని చిత్రకారుడు. పూతలో మొదలై మంచులో మోడుగా మిగిలే ప్రయాణం. ఇక్కడికి వచ్చేసరికి గ్లిట్టరు తగ్గింది. గాలి ఆడింది. కొండకూ కంటికీ మధ్య దూరం ఏర్పడింది. శరత్కాలపు చినార్‌ను వేసినవాడికి ఆ ఆకు రాలేటప్పుడు ఏ రంగుకు తిరుగుతుందో ఒంటికి తెలుసు. మనసులో ఉన్న చెట్టును ఫొటో చూసి వేసిన చెట్టుతో పొరబడలేం.

మరుసటి ఏడాదికి పూర్తయిన ‘ఓడ్ టు ది కంట్రీ వితవుట్ ఎ పోస్ట్ ఆఫీస్’ ఆయన చిత్రాల్లో గుండెను పట్టుకునేది. ఈ పేరు వెనక కశ్మీరీ కవి ఆగా షాహిద్ అలీ ఉన్నారు. అమెరికాలో స్థిరపడి ఇంగ్లిష్‌లో రాసిన ఆయన 1997లో ‘ది కంట్రీ వితవుట్ ఎ పోస్ట్ ఆఫీస్’ అనే కవితా సంపుటి వేశారు. 1990లో లోయలో నెలల తరబడి ఉత్తరాల బట్వాడా ఆగిపోయింది. రాసినవి చేరలేదు, రావలసినవి రాలేదు, సంచులు గుట్టలు పడ్డాయి. ఆ నిశ్శబ్దం మీద రాసిన పుస్తకమది. నాలుగేళ్లకు, 2001లో, అలీ కన్నుమూశారు. రాకిబ్ చిత్రంలో రాత్రివేళ, దూరంగా ఊరు మండుతుంటుంది. ముందు ఎత్తున చిత్రకారుడు కూర్చుని ఉంటాడు, చుట్టూ మిణుగురుల వెలుగు. మంటా మిణుగురూ ఒకే పసుపు రంగు. పలక మీద ఒకే డబ్బాలోంచి వచ్చిన రంగు ఒకచోట ఇల్లు కాలుస్తుంది, ఇంకోచోట చీకట్లో దారి చూపిస్తుంది.

అలంకారం మీద గొడవకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. కశ్మీర్ విషయంలో అందాన్ని పక్కనపెట్టి నిజం చెప్పడం కుదరదు. ఆ లోయను నాలుగు వందల ఏళ్ల కిందట జహంగీరు స్వర్గమన్నాడు, షాలిమార్ తోట వేయించాడు. సినిమావాళ్లు పాటలకు వాడుకున్నారు. క్యాలెండర్లు అచ్చేశాయి. మనం హనీమూన్‌కు వెళ్లాం. అక్కడి మనుషులు తమ ఊరి అందాన్ని పోస్టుకార్డుల్లో చూసుకుంటూ, తమ బతుకును వార్తల్లో చూసుకుంటూ పెరిగారు. ఇవి రెండూ ఒకే ఊరి సంగతులని చెప్పాలంటే రెండూ ఒకే పలక మీదికి రావాలి, అదీ సమానమైన శ్రద్ధతో. మంచుకొండను వేసినంత ఓర్పుతో పొగనూ వేయాలి. రాకిబ్ షా చేసింది అదే. ఆ మెరుగు లేకపోతే ఆ దుఃఖం ఇంకెవరిదో అయిపోయేది. తివాచీలు, శాలువాలు, నగలు ఆయన పుట్టింటి భాష. పోయిన ఇంటి గురించి ఆ ఇంటి భాషలోనే మాట్లాడుతున్నారు.

2022లో వెనిస్‌లోని కా పెసారో మ్యూజియంలో ఆయన చిత్రాలు ‘పలాత్సో డెల్లా మెమోరియా’ పేరుతో కొలువుదీరాయి. జ్ఞాపకాల భవనం. జార్జోనె ‘టెంపెస్ట్’, టింటొరెట్టో చిత్రాలు పుట్టిన ఊళ్లోనే వాటిని తిరగరాసిన చిత్రాలు కూడా వేలాడాయి. మరుసటి ఏడాది అమెరికాలో ‘బాలడ్స్ ఆఫ్ ఈస్ట్ అండ్ వెస్ట్’ అనే ప్రదర్శన బయలుదేరింది. నాష్‌విల్‌లో మొదలై, బోస్టన్, హ్యూస్టన్ మీదుగా కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ మ్యూజియం దాకా 2025 వరకు నడిచింది. అందులో మధ్యమణి ‘ది రెట్రోస్పెక్టివ్ 2002–2022’. పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పనీని, రోము కట్టడాలన్నిటినీ ఒకే గ్యాలరీ గోడల మీద బొమ్మలుగా చూపే చిత్రాలు వేశాడు. ఆ కూర్పులో రాకిబ్ రోము బదులు తన ఇరవై ఏళ్ల పనిని పెట్టారు. సుమారు 60 పాత చిత్రాలు వేలెడంత సైజుల్లో, ఒక్కోటీ మళ్లీ గీతలతో సహా, రంగులతో సహా. దీన్ని పూర్తిచేయడానికి 2015 నుంచి 2022 వరకు పట్టింది.

దాన్ని మించినది షికాగోలో బయటపడింది. 2025 జూన్‌లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో ‘ప్యారడైజ్ లాస్ట్’ను ప్రజల ముందుకు తెచ్చింది. 21 పలకలు. పొడవు 100 అడుగులు. 2009లో మొదలుపెట్టి 2025 దాకా, పదహారేళ్లు. ఇంగ్లిష్ కవి మిల్టన్ కావ్యం పేరు పెట్టుకున్న ఈ చిత్రం ఒక మనిషి జీవితాన్ని నాలుగు అధ్యాయాలుగా నడుపుతుంది. చూసేవాళ్లు కూర్చుని చూడలేరు, నడుస్తూ చూడాలి. పర్వతాలు, జలపాతాలు, జంతువులు, కూలుతున్న కట్టడాలు, రాత్రీ పగలూ మారే ఆకాశం పక్కనే సాగుతుంటాయి. యాభయ్యేళ్లు దాటిన చిత్రకారుడి వయసులో మూడోవంతు కాలం ఈ ఒక్క చిత్రం పలకల మీద గడిచింది.

ఇంత పొడవున చదివాక ఫోన్ తీసి ఆయన బొమ్మలు వెతకాలనిపిస్తుంది. తప్పకుండా వెతకండి, కానీ అక్కడితో ఆగకండి. లేచి నిలబడ్డ ఆ బంగారు గీతలు ఫొటోలో చదునైపోతాయి. లోహపు రంగు మీద వెలుతురు కదిలితేనే నీళ్లు కదులుతాయి, తెరమీద అది కదలదు. రాకిబ్ షా చిత్రాలు నడిచిన బోస్టన్, హ్యూస్టన్, షికాగో మన తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న నగరాలే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో ‘గార్డెన్ ఆఫ్ ఎర్త్‌లీ డిలైట్స్ X’ ఉంది. సేకరణలో ఉన్నవన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు, కాబట్టి మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరండి. తొలినాటి తోటల చిత్రాలు చిన్నపిల్లలకు చూపేవి కావు. పిల్లలతో వెళ్తే కశ్మీర్ చిత్రాల ప్రదర్శనకే వెళ్లండి. ముందు దూరం నుంచి చూడండి, తర్వాత దగ్గరికి వెళ్లండి, చివరగా గోడ పక్కకు జరిగి వాలుగా చూడండి. ఒక్క చిత్రానికి కనీసం అరగంట ఇవ్వండి.